హనుమకొండ ఇంట్లో మోటారు, గీజర్, లైట్లను విదేశం నుంచి నడపడం: హబ్ ఎలా అమర్చుకోవాలి?

సుబేదారి_డల్లాస్

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండ సుబేదారిలోని మా ఇంట్లో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు. పాత ఇల్లు, రెండంతస్తులు. కింద నల్లా నీళ్ళు పడే సంపు, పైన ట్యాంకు, పెరట్లో ఒక బోరు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువ కావడంతో, మోటారు వేయడానికి పెరట్లోకి వెళ్ళి రావడం, మేడ మీద లైటు ఆర్పి రావడం కష్టమవుతోంది. అందుకని క్రితంసారి వచ్చినప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ వేసి (ఇదే మా ఇంటి హబ్), నాలుగు లైట్లకు, గీజర్‌కు వైఫై రిలేలు, అంటే ఆజ్ఞతో పనిచేసే చిన్న స్విచ్‌లు, పెట్టించాను. ఇంటి వైఫైలో ఉన్నంతసేపు అన్నీ సవ్యంగా నడిచాయి. బయటి నుంచి అందుకోవడానికి రూటరులో 8123 పోర్టును ఫార్వర్డ్ చేశాను (బయటి పిలుపును హబ్‌కు చేర్చే దారి తెరిచాను) కానీ, డల్లాస్ నుంచి ఎన్ని విధాల ప్రయత్నించినా పేజీ తెరుచుకోవడం లేదు. ఇంటర్నెట్ ఇచ్చినవారిని అడిగితే లైను బాగానే ఉందంటున్నారు. లోపం ఎక్కడ ఉండి ఉంటుంది? దీని తరువాత బోరు మోటారును కూడా కలపాలని ఉంది. దాని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

కాజీపేట జంక్షన్

మీ అమరికలో లోపం లేకపోవచ్చు. రూటరు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటరుకు బయటి వైపున్న ఇంటర్నెట్ చిరునామా) అని ఉన్న చోట ఏ అంకెలున్నాయో నాన్నగారి చేత ఒకసారి చదివించండి. ఆ చిరునామా 100.64 నుంచి 100.127 లోపల మొదలయ్యేదైతే, మీ ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా లేదని, మీ కంపెనీ ఒకే చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచి ఇస్తున్నదని అర్థం. పాత ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్న చిరునామాలు సుమారు 430 కోట్లే కాబట్టి, ఇలా పంచుకోవడం కోసమే 2012లో ఈ అంకెల వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. దీన్నే సీజీనాట్ అంటారు. ఒకే గేటున్న పెద్ద అపార్ట్‌మెంటుకు ఫ్లాటు నంబరు రాయకుండా ఉత్తరం పంపితే అది గేటు దగ్గరే ఆగిపోయినట్టు, మీరు డల్లాస్ నుంచి పంపే పిలుపు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. మీ రూటరులో పోర్టు తెరిచి ఉన్నా అక్కడి దాకా అది రానే రాదు.

నెలకు కొంత అదనంగా కడితే కొన్ని కంపెనీలు స్థిరమైన పబ్లిక్ ఐపీ ఇస్తాయి. అయినా నా సలహా ఆ దారి వద్దనే. తెరిచి ఉంచిన పోర్టు మీకు ఎంత సులువుగా దొరుకుతుందో, ఊరూపేరూ తెలియని వాడికీ అంతే సులువుగా దొరుకుతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) ఇంటర్నెట్‌కు నేరుగా కనిపించే కెమెరాలను, డీవీఆర్‌లను వెతికి పట్టుకుని, కంపెనీ పెట్టిన పాస్‌వర్డును యజమాని మార్చని పరికరాలను తన వశం చేసుకుంది. దాని దగ్గర ఉన్నది అరవైకి పైబడిన యూజర్‌నేమ్-పాస్‌వర్డు జంటల జాబితా మాత్రమే. ఆ పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చి చూపే డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి జరిగి, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద సైట్లు చాలామందికి గంటల తరబడి అందకుండా పోయాయి. మన ఇంటి కెమెరా మనకు తెలియకుండా అలాంటి మూకలో చేరవచ్చు.

కాబట్టి ముందు ఆ 8123 ఫార్వర్డింగును తీసివేయండి. రూటరులో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే వీలు) ఆన్‌లో ఉంటే దాన్ని కూడా ఆపేయండి. ఆ తరువాత హబ్‌లో టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, అదే ఖాతాతో మీ ఫోనులోనూ వేసుకోండి. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద, అంటే మీ పరికరాల మధ్య ఇతరులు చదవలేని సొంత దారి వేసే పద్ధతి మీద నడుస్తుంది. ఇందులో హబ్ లోపలి నుంచి బయటికి సంబంధం పెట్టుకుంటుంది కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు, ఏ పోర్టూ తెరవనక్కరలేదు. అది కూడా తలనొప్పి అనుకుంటే, నెలవారీ చందా కట్టి హోమ్ అసిస్టెంట్ వారి క్లౌడ్ సేవనే తీసుకోవచ్చు.

జనగామ రాకపోకలు

ఇంత తతంగం అవసరమా అన్నది నా ప్రశ్న. బజారులో దొరికే వైఫై ప్లగ్గులు, వాటి కంపెనీ యాప్ పెట్టుకుంటే అమెరికా నుంచైనా అంటార్కిటికా నుంచైనా ఒక్క వేలితో నడుస్తాయి. మా ఇంట్లో రెండేళ్ళుగా అలాగే నడుస్తున్నాయి. మీ హబ్ ఒకవేళ మొరాయిస్తే, డెబ్బై ఏళ్ళ పెద్దాయన కీబోర్డు తగిలించి దాన్ని బాగుచేస్తారా?

గోదావరిఖని బి-షిఫ్ట్

జనగామ అన్నగారు అడిగినది న్యాయమైన ప్రశ్నే. పెద్దవాళ్ళున్న ఇంట్లో మరమ్మతు ఎవరు చేస్తారన్నది నిజంగా ఆలోచించవలసిందే. కానీ కంపెనీ సర్వర్ ఆగిపోతే దాన్ని మనమెవరమూ బాగుచేయలేము. రివాల్వ్ అనే హబ్‌ను తయారుచేసిన సంస్థను 2014లో గూగుల్‌కు చెందిన నెస్ట్ కొనుగోలు చేసింది. 2016 మే నెలలో ఆ సేవను పూర్తిగా ఆపేయడంతో, డబ్బు పోసి కొన్న హబ్‌లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇంకొక హబ్ కంపెనీ సర్వర్లు ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. ఆ జూన్‌లో కొందరు వినియోగదారులే పూనుకుని దాన్ని కొని మళ్ళీ నిలబెట్టారు కానీ, మధ్యలో ఆ యాప్ మీదే ఆధారపడినవారు ఇబ్బంది పడ్డారు. అప్పటికే హోమ్ అసిస్టెంట్ వంటి స్థానిక సాఫ్ట్‌వేర్‌తో ఆ హబ్‌ను నడుపుతున్నవారికి మాత్రం పని ఆగలేదు.

ఇంకొక సంగతి. క్లౌడ్ మీదే నడిచే ప్లగ్గుకు మీరు పక్క గదిలో నుంచి ఆజ్ఞ ఇచ్చినా, అది ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. ఫైబరు తెగిన రోజు ఇంట్లోనే ఉన్న మనిషి ఫోనుకు కూడా లైటు పలకదు. హనుమకొండలో కోతులు మేడ మీది కేబుల్ పట్టుకుని ఊగడం అందరికీ తెలిసినదే కాబట్టి, ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే స్మార్ట్ పరికరాల ప్రమాణం ప్రకారం చేసిన పరికరాలు ఇంటి నెట్‌వర్కులోనే ఆజ్ఞలు అందుకుంటాయి; కొత్తగా కొనేటప్పుడు ఆ గుర్తు ఉన్నవి చూసుకుంటే మేలు.

నా అనుభవంలో, పరికరాలు పెరిగేకొద్దీ వైఫై కంటే జిగ్బీ (ఇలాంటి చిన్న పరికరాల కోసమే ఉన్న ఇంకొక వైర్‌లెస్ పద్ధతి) నయం. కరెంటుతో నడిచే దాదాపు ప్రతి జిగ్బీ పరికరమూ పక్కదాని సందేశాన్ని ముందుకు అందిస్తుంది కాబట్టి, స్లాబులు దాటి మేడ మీదికి కూడా సిగ్నలు చేరుతుంది; బ్యాటరీతో నడిచే సెన్సర్లు మాత్రం ఆ పని చేయవు. జిగ్బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి కనుక, రూటరును 1వ చానెల్లో ఉంచి జిగ్బీని 25వ చానెల్లో పెడితే ఒకదానికొకటి అడ్డు తగలవు. జిగ్బీ డాంగిల్‌ను (హబ్‌కు తగిలించే రేడియో పుల్లను) నేరుగా యూఎస్‌బీ 3 పోర్టుకు గుచ్చకుండా మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి, ఎందుకంటే ఆ పోర్టు నుంచి వచ్చే రొద కూడా అదే ఫ్రీక్వెన్సీలో పడుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో మెమరీ కార్డుకు బదులు ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టించండి. జనగామ అన్నగారు భయపడిన మొరాయింపులకు నేను చూసినంతలో పెద్ద కారణం, ఎడతెగని రాతలకు అరిగిపోయే ఆ కార్డే.

వడ్డేపల్లి వైర్‌మన్

నెట్‌వర్కు సంగతులు నాకు అంతగా తెలియవు, కరెంటు సంగతి చెప్తాను. డల్లాస్ సార్, మీ గీజర్ ఎన్ని వాట్లు? 2000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. చిన్న వైఫై రిలే మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కాబట్టి సరిపోతుందని అనుకుంటారు. కానీ స్విచ్‌బోర్డు డబ్బాలో గాలి ఆడని చోట అంత కరెంటు అరగంట సేపు పారితే ఆ మాడ్యూల్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. గీజర్‌కు మాడ్యూల్ చేత ఒక కాంటాక్టరును (పెద్ద లోడును తట్టుకునే స్విచ్‌ను) నడిపించి, అసలు లోడు కాంటాక్టరు మీదుగా పోయేటట్టు చేయించండి. ఎంసీబీ ఎలాగూ ఉంటుంది. దానితో పాటు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసేది) కూడా లేకపోతే ముందు అది పెట్టించి, మిగతావి తరువాత చూసుకోండి.

లైట్ల మాడ్యూళ్ళకు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) కావాలి. మన దగ్గర స్విచ్‌లున్న బోర్డులోనే ప్లగ్గు కూడా ఉండడం వల్ల న్యూట్రల్ చాలావరకు అక్కడే దొరుకుతుంది. మెట్ల దగ్గరి టూవే స్విచ్‌లో మాత్రం దొరకదు, దానికి కొత్త వైరు లాగవలసిందే. మాడ్యూల్ మీద ఎస్1, ఎస్2 అని రెండు చిన్న రంధ్రాలుంటాయి. గోడ స్విచ్ వైర్లను వాటిలో బిగిస్తే, ఫోను నుంచి వేసినా గోడ మీద నొక్కినా లైటు వెలుగుతుంది. కొందరు తొందరలో అవి వదిలేసి స్విచ్‌ను అలంకారంగా ఉంచి పోతుంటారు. పని ముగిశాక నాన్నగారి చేత ప్రతి స్విచ్చూ నొక్కించి చూసిన తరువాతే డబ్బులివ్వండి.

బోరు మోటారు సంగతి వేరే. ఒక హెచ్‌పీ మోటారు మామూలుగా ఐదారు ఆంపియర్ల మీద తిరిగినా, మొదలైన క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు చిన్న రిలేలో కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మీ ఫోనులో ఆఫ్ అని చూపిస్తుంది, పెరట్లో మోటారు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి రిలేను మోటారు లైనులో పెట్టవద్దు. మీ స్టార్టరు పచ్చ, ఎర్ర బటన్ల రకమైతే, పచ్చ బటనుకు సమాంతరంగా ఒక రిలే పెట్టి దాన్ని ఒక్క సెకను మాత్రం మూసేలా అమర్చాలి. ఎర్ర బటనుకు వరుసలో, మామూలుగా మూసి ఉండే కాంటాక్టుతో ఇంకొక రిలే పెట్టాలి. ఇలా చేస్తే స్టార్టరులోని కాయిలు తన పని తాను చేసుకుంటుంది. కరెంటు పోతే అది వదిలేస్తుంది, కరెంటు వచ్చినా మనం చెప్పేదాకా మోటారు మొదలుకాదు. ఓవర్‌లోడు రక్షణ కూడా అలాగే మిగులుతుంది.

పరకాల పత్తిచేను

బావి దగ్గర మోటారు వేయడానికి మా రైతులు హబ్‌లు, క్లౌడ్‌లు లేని కాలం నుంచే సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్లు వాడుతున్నారు. ఫోను చేస్తే మోటారు మొదలవుతుంది. ఫేజు పోయినా, నీళ్ళు అడుగంటినా తనే ఆపి మనకు సందేశం పంపుతుంది. ఇంటర్నెట్‌తో పని లేదు, టవరు ఉంటే చాలు. డల్లాస్ తమ్ముడికి బోరు ఒక్కటే ముఖ్యమైతే ఇది కూడా ఆలోచించవచ్చు.

కరెంటు వచ్చినా మనం చెప్పేదాకా మోటారు మొదలుకాకూడదన్న వైర్‌మన్ గారి మాటను మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను. కరెంటు రాగానే దానంతటదే మోటారు మొదలయ్యే ఆటోస్టార్టర్ల వల్ల ఊరి మోటార్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఎంత భారం పడేదో మాకు తెలుసు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు ఆటోస్టార్టర్లను తీసివేయమని ప్రభుత్వం కోరింది కూడా. ఇంట్లోనైనా, చేనులోనైనా, కరెంటు వచ్చినంత మాత్రాన మోటారు లేవకూడదు.

మానేరు మాష్టారు

చర్చ బాగా సాగుతున్నది కానీ, అసలు చిక్కు ఇంకా ఎవరూ పూర్తిగా విప్పలేదని నాకనిపిస్తున్నది. పత్తిచేను గారి స్టార్టరు తిరిగి సందేశం పంపుతున్నది. వైర్‌మన్ గారు చెప్పిన అతుక్కుపోయిన రిలే అబద్ధం చెప్తున్నది. తేడా ఏమిటంటే, మొదటిది మోటారును కొలిచి చెప్తుంది, రెండవది తాను ఇచ్చిన ఆజ్ఞనే తిరిగి మనకు వినిపిస్తుంది. చాలా యాప్‌లలో కనిపించే ఆన్, ఆఫ్ గుర్తులు ఈ రెండవ జాతివే. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషికి ఆ గుర్తు తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి, అది దేన్ని చూసి వెలుగుతున్నదో తెలియకుండా దాన్ని నమ్మకూడదు.

మోటారు ఫేజు వైరు చుట్టూ ఒక సీటీ క్లాంపు తొడిగితే, వైరు కోయకుండానే ఎంత కరెంటు పారుతున్నదో హబ్‌కు తెలుస్తుంది. సున్నా అయితే ఆగింది, ఆరు అయితే నడుస్తున్నది. మామూలు కంటే బాగా తక్కువ పడితే బోరులో నీరు తగ్గి మోటారు ఉత్తినే తిరుగుతున్నదని అర్థం. ఒక్క సెన్సరు ఇన్ని సంగతులు చెప్తుంది. ఏసీని ఐఆర్ బ్లాస్టరుతో నడిపేవారికీ ఇదే మాట: అది రిమోట్ మాదిరిగా కిరణాన్ని విసిరి ఊరుకుంటుంది, ఏసీ దాన్ని అందుకున్నదో లేదో చెప్పదు. గదిలో ఉష్ణోగ్రత తగ్గుతున్నదా, వైరులో కరెంటు పెరిగిందా అని చూసుకోవాలి.

ఇంకొకటి. ఆపవలసిన నిర్ణయం ఎన్నడూ డల్లాస్‌లో ఉండకూడదు. ట్యాంకు నిండితే ఫ్లోట్ స్విచ్ తీగ ద్వారా నేరుగా స్టార్టరును ఆపాలి. గీజర్ నలభై నిమిషాల తరువాత ఆగాలన్న లెక్కను ఆ రిలేలోనే పెట్టాలి. టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ వంటి ఫర్మ్‌వేర్‌లలో (రిలే లోపలే నడిచే సాఫ్ట్‌వేర్‌లలో) అందుకు వీలుంది. మీరు ఆన్ చేసిన మరుక్షణం ఫైబరు తెగినా, హబ్ చచ్చిపోయినా, మోటారూ గీజరూ వేళకు ఆగితేనే ఆ అమరిక పనికొస్తుంది.

హంటర్‌రోడ్ ఇల్లాలు

మీరంతా దూరంగా ఉన్నవారి వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను ఇంట్లో ఉన్నవారి తరఫున రెండు మాటలు రాస్తాను. మా అబ్బాయి బెంగళూరు నుంచి లైట్లు వేసి చూసుకునేవాడు. రాత్రి రెండు గంటలకు హాల్లో లైటు దానంతటదే వెలిగితే మా అత్తమ్మ దొంగలు పడ్డారని లేచి కూర్చుంది. డల్లాస్‌లో మీకు మధ్యాహ్నమైనప్పుడు ఇక్కడ నడిరాత్రి అని మరవకండి. రాత్రి పది నుంచి తెల్లవారి అయిదు దాకా బయటి నుంచి వచ్చే ఆజ్ఞలేవీ పడకగది, హాలు లైట్లకు చేరకుండా పెట్టించుకుంటే అందరికీ ప్రశాంతం.

కెమెరాల ఊసు మీరు ఇంకా ఎత్తలేదు కానీ, రేపో మాపో ఎత్తుతారు. గేటు దగ్గర, పెరట్లో పెట్టుకోండి. హాల్లో, వంటింట్లో మాత్రం వద్దు. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి కూడా మూలకు పోవలసిన పరిస్థితి తేకండి. పెద్దవాళ్ళు లేచి తిరుగుతున్నారా లేదా అన్నదే మీ బెంగ అయితే, వంటింటి తలుపుకు ఒక డోర్ సెన్సరు చాలు. ఉదయం ఏడు దాటినా అది తెరుచుకోలేదంటే మీకు కబురు వస్తుంది, మీరు ఫోను చేస్తారు. తలుపు తాళాన్ని బయటి నుంచి తీసే ఏర్పాటును మాత్రం నేను ఒప్పుకోను. తీయవలసి వస్తే పక్కింటివారి దగ్గర ఒక తాళంచెవి ఉంటే సరిపోతుంది.

సుబేదారి_డల్లాస్

అందరికీ కృతజ్ఞతలు. వ్యాన్ ఐపీ చదివించాను, 100.72తో మొదలవుతున్నది, జంక్షన్ గారు చెప్పినట్టే. పోర్టు మూయించాను. పక్కింటి పిల్లవాడు వీడియో కాల్లో ఉండగా హబ్‌లో టెయిల్‌స్కేల్ వేశాను, ఇప్పుడు పేజీ తెరుచుకుంటున్నది. గీజర్‌కు కాంటాక్టరు, మోటారుకు రెండు రిలేల పద్ధతి, సీటీ క్లాంపు, ఫ్లోట్ స్విచ్ పెట్టించబోతున్నాను. ఇల్లాలు గారి మాట అమ్మకు చదివి వినిపిస్తే, ‘ఎవరో గాని బుద్ధిగల మనిషి’ అన్నది. హాల్లో కెమెరా ఆలోచన నాకు నిజంగానే ఉండేది, ఇక లేదు.

ఒకటి రెండు సందేహాలు మిగిలాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీదికి మారే లోపల రూటరు, హబ్ రెండూ ఆగి మళ్ళీ మొదలవుతున్నాయి. అలాగే, ఉదయం అయిదింటికి గీజర్ మొదలయ్యేలా పెట్టిన షెడ్యూలు ఇక్కడ అమెరికాలో ఎండాకాలానికి, చలికాలానికి గడియారాలు మార్చినప్పుడు గంట తేడా చూపిస్తుందా?

గోదావరిఖని బి-షిఫ్ట్

ఇన్వర్టరు వెనకో ముందో యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, చూడమనండి. అందులో పెడితే మారడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. అప్పటికీ ఆగుతుంటే రూటరుకూ ఫైబరు డబ్బాకూ 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టించండి. కొనేముందు వాటి అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు, పిన్ను కొలత సరిచూసుకోవాలి. ఈ డబ్బాలన్నింటినీ నేల మీద కాకుండా గోడకు ఎత్తుగా బిగించమనండి. 2023 జులై వానలకు హనుమకొండ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి తెలిసిందే కదా. రిలేలలో కరెంటు తిరిగి వచ్చినప్పటి స్థితి అని ఒక అమరిక ఉంటుంది. లైట్లకు మునుపటి స్థితి, గీజర్‌కు ఆఫ్ అని పెట్టండి.

జనగామ రాకపోకలు

నేను ఇప్పటికీ నా ప్లగ్గులతోనే ఉంటాను, నాకు రెండు లైట్లు తప్ప లేవు. కానీ మోటారు ఉన్న ఇంటికి మీరు చెప్పినదే సరైనదని ఒప్పుకుంటున్నాను.

కాజీపేట జంక్షన్

షెడ్యూలు హబ్ గడియారాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, హబ్ సెట్టింగులలో టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఉన్నదా అని మాత్రం చూసుకోండి. మన అయిదు గంటలు మీకు ఎండాకాలంలో ముందు రోజు సాయంత్రం 6:30, చలికాలంలో 5:30 అవుతుంది. మారేది మీ ఫోనులో కనిపించే సమయమే, ఇక్కడ నీళ్ళు కాగే సమయం మారదు.

ఒక ముఖ్యమైన విషయం. టెయిల్‌స్కేల్‌లో చేర్చిన ప్రతి పరికరపు కీకి (గుర్తింపు తాళంచెవికి) మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. గడువు ముగిస్తే ఆ పరికరంలో మళ్ళీ లాగిన్ అయ్యేదాకా సంబంధం తెగిపోతుంది. మీ ఫోనులో అయితే అది నిమిషం పని, సుబేదారిలోని హబ్‌లో అయితే మళ్ళీ పక్కింటి పిల్లవాడిని పిలవాలి. అడ్మిన్ పేజీలో హబ్ పేరు పక్కన ఉన్న మెనూ తెరిచి, ఆ ఒక్క పరికరానికి కీ గడువును డిసేబుల్ చేయండి. ఫోనుకు, ల్యాప్‌టాపుకు మాత్రం గడువు అలాగే ఉండనివ్వండి, పోగొట్టుకునే అవకాశం ఉన్నవి అవే కాబట్టి. ఆ ఖాతాకు టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డుతో పాటు ఇంకొక ధ్రువీకరణ) పెట్టకపోయి ఉంటే అది కూడా ఇవాళే పెట్టేయండి.